కొండ లోపలి హక్కు

అనకాపల్లికి మూడు కిలోమీటర్ల దూరమున శంకరమను గ్రామము కలదు. దాని ప్రక్కనున్న బొజ్జన్నకొండను, లింగాలకొండను విహారయాత్రకు వెళ్ళి చూడని విద్యార్థి ఆ ప్రాంతమున అరుదు. కొండరాతిని తొలిచిన గుహలు, రాతిలోనే మలచిన చిన్న పెద్ద స్తూపములు అచ్చట బారులు తీరియున్నవి. సంఘారామమను మాటయే కాలక్రమమున శంకరమైనదని పండితుల యభిప్రాయము. 1907–08 ప్రాంతమున పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండరు రే అచ్చట త్రవ్వకములు జరిపించెను. సముద్రగుప్తుని బంగారు నాణెము మొదలగునవి బయటపడినవి. దొరకిన వస్తువుల వివరములు ప్రభుత్వ నివేదికలలో అచ్చుపడినవి. నూరేండ్ల తరువాత పుట్టిన విద్యార్థి యైనను గ్రంథాలయములో కూర్చుండి ఆ త్రవ్వకముల సంగతి తెలిసికొనగలడు.

అయితే ఈ సీమలో కొండలను తొలిచినవారు భిక్షువులును, పురావస్తు శాఖవారును మాత్రమే కారు. అనకాపల్లి చుట్టుప్రక్కల రాయి కొట్టిన గోతులు కలవు. ఉత్తరముగా విజయనగరము దాటి చీపురుపల్లి వైపు పోయినచో మాంగనీసు త్రవ్విన పాత గుంటలు, వాని గట్లపై కుప్పలుగా పోసిన పనికిరాని మన్ను కనబడును. పడమటి కొండలెక్కి అనంతగిరి ప్రాంతమునకు పోయినచో అభ్రకమునకును, కాల్సైటు రాతికిని కౌళ్ళు పొందిన చోటులు కలవు. ఈ గోతులకు శంకరమునకున్నట్టి నివేదిక లేదు. వీనిని మొదట త్రవ్వినదెవరు? ఎవరి సెలవు పొంది త్రవ్విరి? కొండ యెవరిది? ఊరిలో అడిగినచో జమీందారుల నాటిదని యొకరు, దొరల నాటిదని యొకరు చెప్పుదురు. ఆ మాటల వెనుక నున్న నిజము తేలవలెనన్నచో పాత దస్త్రముల గదిలోనికి పోక తప్పదు.

అమెరికాలో ఈ పని కొంత సులువు. 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడినపుడు గనిపనివారు తమకు లోహము కనబడిన చోట కొయ్యలు పాతి, ఇది తమదని కాగితముపై వ్రాసి, నమోదు చేయించుకొనెడివారు. 1872 మే 10వ తేదీ చట్టము ఈ యాచారమునకు స్థిరరూపము నిచ్చెను. ప్రభుత్వ భూమిలో లోహపు నాళము వెంబడి 1500 అడుగుల పొడవు, నాళమునకు ఇరుప్రక్కల మున్నూరేసి అడుగుల వెడల్పు మించకుండ ఒక్కొక్క హక్కు పొందవచ్చును. కనుగొన్నవానిదే హక్కు, హక్కున్నచో దానికొక కాగితము, ఆ కాగితమునకు కచేరీలో ఒక పుట. కావున అచ్చటి పరిశోధకుడు పేర్ల సూచిక పట్టుకొని తాతముత్తాతల గనిని వెదకుకొనగలడు.

మన దేశమున కనుగొన్నవానికి హక్కు అను నియమము ఏనాడును లేదు. మేకలు కాయువాడు కొండవాలున మెరయు రాతిని చూచి ఊరిలో చూపినచో, ఆ రాతి వలన వాని కేమియు సంక్రమింపదు. ఇచ్చట రాతిపై హక్కు భూమిపై హక్కులో దాగియుండెడిది. అందుచేత గనుల చరిత్ర వ్రాయదలచినవాడు గనుల దస్త్రము కొరకు గాక భూముల దస్త్రము కొరకు పోవలెను. ఆ భూముల దస్త్రములో రాతి మాట చాలవరకు ఉండనే యుండదు. ఉండకపోవుట యనునదే పెద్ద సాక్ష్యమైన విచిత్రము ఈ జిల్లా చరిత్రలో కనబడుచున్నది.

1802లో ఇంగ్లీషు కుంఫిణీవారు ఈ మండలమున శాశ్వత పరిష్కారము చేసిరి. విజయనగర సంస్థానమునకు 24 పరగణాలు, 1157 గ్రామములు చేర్చి, ఏటా అయిదు లక్షల రూపాయల పేష్కషు నిర్ణయించిరి. కుంఫిణీవారి స్వంతమైన హవేలీ భూములను ముక్కలు చేసి వేలము వేసి క్రొత్త జమీందారులను సృష్టించిరి. ప్రతి జమీందారునకును ఒక సన్నదు నిచ్చి, వారి నుండి కబూలియతు పుచ్చుకొనిరి. ఆ యేటి 25వ రెగ్యులేషను ఈ యేర్పాటునకు మూలము. అందులోని నాలుగవ విధి యిట్టి పరిశోధకునికి కంఠస్థము కావలెను. ప్రభుత్వము తనకై నిలుపుకొన్న ఆదాయములను అది వరుసగా చెప్పును: ఉప్పు, పెట్లుప్పు, సాయరు సుంకములు, ఆబ్కారీ, వృత్తులపై పన్నులు, లాఖిరాజు భూములు మొదలగునవి. ఈ పట్టికలో ఇనుము లేదు, అభ్రకము లేదు, ఏ రాయియు లేదు. ఆనాడు రాతికి విలువ లేకపోవుట చేత మరచిరో, తెలిసియే విడిచిరో, కారణమేదైనను ఫలము పెద్దది. ప్రభుత్వము తనకు ఉంచుకొనని దంతయు జమీందారునకు సంక్రమించినదని తరువాతి న్యాయస్థానములు అర్థము చెప్పినవి. తొంబది యేండ్ల తరువాత కోడూరు మాంగనీసు ఆ నిశ్శబ్దము నుండియే లాభములు పుట్టించెను.

1892లో మన దేశమున మాంగనీసు త్రవ్వకము మొట్టమొదట ప్రారంభమైనది ఈ జిల్లాలోని కోడూరు గ్రామముననే. మధ్యపరగణాలలోని నాగపురి ప్రాంతమున ఆ పని మొదలగుటకు మరి యేడెనిమిది యేండ్లు పట్టెను. విజయనగరము పేరనే యేర్పడిన గని కంపెనీ ఈ పనికి పూనుకొన్నది. 1904–05లో రష్యాకును జపానుకును యుద్ధము వచ్చి, రష్యాలో అలజడులు రేగి, కాకసస్ కొండల నుండి వచ్చు మాంగనీసు తగ్గగానే ఐరోపా ఉక్కు కొలుముల వారు మన దేశమువైపు చూచిరి. భూగర్భ సర్వేకు చెందిన ఫెర్మరు 1909లో ప్రకటించిన మాంగనీసు గ్రంథము వేయి పుటలను మించినది. అందులో విశాఖపట్నము జిల్లా గనులకు విడిగా స్థానము కలదు. ఈ ఊరి పేరు మీదనే ఆయన ఒక రాతికి కోడురైటు అని నామకరణము చేసెను. ఆ రాయి పుట్టుకను గురించి ఫెర్మరు చెప్పిన సిద్ధాంతమును తరువాతివారు చాలవరకు అంగీకరింపలేదు. కాని పేరు మాత్రము నిలిచినది. ఒక పల్లెటూరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథములలో చేరుట ఆ యూరివారిలో ఎందరికి తెలియునో!

ఇట్టి గ్రంథము చేతనున్నవాడు పని సగము పూర్తియైనదని భ్రమపడవచ్చును. శాస్త్రజ్ఞుడు రాతిని వర్ణించును. రాతి క్రింది హక్కును విచారించుట వాని పని కాదు. హక్కు కొరకు మరియొక చోటికి పోవలెను. భూగర్భ సర్వేవారే తమ పత్రికలో ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఏటేట ఒక పట్టిక ప్రకటించెడివారు. ఏ జిల్లాలో, ఎవరికి, ఏ ఖనిజమునకు, వెదకుటకు లైసెన్సు ఇచ్చిరా లేక త్రవ్వుటకు కౌలు ఇచ్చిరా, ఎన్ని ఎకరములు, ఏనాటి నుండి ఎంత కాలము అను గళ్ళు అందులో నుండును. పరిశోధకునికి ఇది బంగారు పళ్ళెము వంటిది. అయితే అందులో కనబడునవి సర్కారు ఇచ్చిన హక్కులు. జమీందారు తన భూమిలో ఇచ్చిన కౌలు సర్కారు ఇచ్చినది కాదు గనుక, అచ్చట వెదకినను దొరకదు. పట్టికలో ఒక ఊరు లేనంత మాత్రమున ఆ యూర గని లేదని వ్రాసినవాడు పొరబడినట్లే. జమీందారీలు నిండియున్న ఈ జిల్లాలో ఆ పొరపాటు చిన్నది కాదు.

జమీందారు కౌలు దొరకు చోటు రిజిస్ట్రారు కచేరీ. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్ట్రేషను తప్పనిసరి యని 1908 చట్టము శాసించెను. అచ్చట రెండు విధముల సూచికలు కలవు: మనుష్యుల పేర్లను బట్టి యొకటి, ఆస్తిని బట్టి యొకటి. గని కంపెనీ పేరు తెలిసినచో మొదటిది చాలును. ఊరిపేరు మాత్రమే తెలిసినచో రెండవదాని నాశ్రయింపవలెను. అసలు దస్తావేజులో హద్దులు వ్రాసిన తీరు చదువతగినది. తూర్పున ఫలానావాని చింతతోపు, పడమట వాగు, ఉత్తరమున కొండచరియ, దక్షిణమున బండ్లబాట అని యుండును. చింతతోపు కొట్టివేయబడి, వాగు దారి మార్చుకొన్న తరువాత ఆ హద్దులను గుర్తించుటకు ఆ యూరి వృద్ధులే శరణ్యము.

కాలగణనము మరియొక చిక్కు. పాత రెవెన్యూ కాగితములలో క్రీస్తు శకము అరుదు. ఫసలీ సంవత్సరము వాడెడివారు. ఫసలీకి 590 కలిపినచో ఆ ఫసలీ మొదలైన క్రీస్తు సంవత్సరము వచ్చును. ఫసలీ జూలైలో మొదలై జూను ఆఖరున ముగియును. ఫసలీ 1212 అనగా 1802 జూలై మొదలు 1803 జూను వరకు. ఫసలీ 1359 అనగా 1949–50. ఇది తెలియక ఫసలీ సంఖ్యను హిజ్రీ యనుకొని లెక్క కట్టినవాడు తన గనిని తప్పు సంవత్సరములో పడవేయును. ఇక లిపి సంగతి. కరణములు అక్షరమునకు అక్షరము తగిలించి, కలము ఎత్తకుండ వ్రాసిన గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మందియే. 1984లో కరణపు ఉద్యోగములు రద్దయినవి. వారితోపాటు ఆ వ్రాతను చదువు విద్యయు ఊళ్ళ నుండి తరలిపోయినది. తెలుగు ఉపాధ్యాయులు ఈ గొలుసుకట్టును నేర్చి నేర్పినచో జిల్లా చరిత్రకు చేయు మేలు ఇంతంత యని చెప్పరాదు.

అన్నిటికంటె వింతయైనది జిల్లా సరిహద్దు. పాత విశాఖపట్నము జిల్లా మహావృక్షము వంటిది. 1936 ఏప్రిలు 1వ తేదీన జయపురము మొదలగు ప్రాంతములు ఒరిస్సాకు పోయినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము వేరైనది. 1979 జూను 1న విజయనగరము జిల్లా పుట్టినది. 2022 ఏప్రిలు 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడినవి. కోడూరున్న చీపురుపల్లి ప్రాంతమునే చూడుడు: 1892లో విశాఖపట్నము, 1950 తరువాత శ్రీకాకుళము, 1979 తరువాత విజయనగరము. మనుష్యుడు కదలలేదు, కొండ కదలలేదు. కాగితము మాత్రము మూడు కచేరీలు తిరిగినది. వెదకువాడు కూడ ఆ క్రమముననే తిరుగవలెను. ఇంకను పూర్వపు కాగితములు కావలెనన్నచో చెన్నపట్నమున ఎగ్మూరులోనున్న దస్త్రాలయమునకును, హైదరాబాదున తార్నాకలోని దస్త్రాలయమునకును పోవలసియుండును. కొండప్రాంతపు వ్యవహారములకు మరియొక దారి. 1839 నాటి 24వ చట్టము వలన అచ్చట కలెక్టరు గవర్నరు ఏజెంటుగా పాలించెను. ఆ ఏజెన్సీ కాగితములను మైదానపు కాగితములతో కలిపి చదువరాదు.

అచ్చు పుస్తకములలో నున్నదంతయు నిజమని నమ్ముటయు ప్రమాదమే. బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కనుగొనెనని యాత్రికుల పుస్తకములలోను, పాఠములలోను చదువుచుందుము. ఆ సర్వే సంస్థ స్థాపింపబడినదే 1851లో. విలియం కింగ్ ఆ సంస్థలో పనిచేసినది పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున. ఒక తేదీ పక్కన మరియొక తేదీ పెట్టి చూచినంతనే కథ విడిపోయినది. ఇట్టి పరీక్షకు దూరదేశపు దస్త్రాలయమక్కర లేదు. తరగతిలోని నల్లబల్ల చాలును. పేర్ల విషయమునను అట్లే. చింతపల్లి కొండలలో బలపమను ఊరు కలదు; అనంతగిరి వైపు రక్తకొండ యను కొండ కలదు. రక్తకొండపై బాక్సైటు ఉన్నట్లు సర్వేలు తేల్చినవి. అంతమాత్రమున బలపములో బలపపురాయి ఉండి తీరవలెనని తీర్మానించుట తొందరపాటు. పేరు ప్రశ్న పుట్టించును గాని జవాబు చెప్పదు.

ఊరు ఏ జాతికి చెందినదో తెలిసికొనుట తరువాతి మెట్టు. రైతువారీ గ్రామమైనచో సెటిల్మెంటు రిజిస్టరు కలదు. ఇనాము గ్రామమైనచో 1858లో నియమింపబడిన ఇనాము కమిషను తయారు చేసిన రిజిస్టరు కలదు. దానమిచ్చినదెవరు, పొందినదెవరు, ఎంత భూమి, ఏ సన్నదు, ఇప్పుడు అనుభవించుచున్నదెవరు అను వివరములన్నియు అందులో దొరకును. రాతిని గూర్చిన ప్రశ్న ఆ కమిషను వారికి తోచినట్లు లేదు. జమీందారీ గ్రామమైనచో సర్కారువారి సవివరమైన కొలత చాలచోట్ల జమీందారీ రద్దయిన తరువాతనే జరిగినది. అప్పుడు పుట్టినదే సెటిల్మెంటు ఫెయిర్ అడంగలు. ఈ సీమలో భూమి వివాదము వచ్చినపుడెల్ల న్యాయవాది మొట్టమొదట అడుగునది ఈ అడంగలునే. అందులో కొండకు ఎదురుగా సాధారణముగా "కొండ పోరంబోకు" అని రెండు మాటలుండును. అంతకు ముందు ఆ కొండపై ఎవరు పోడు కొట్టిరి, ఎవరు రాయి కొట్టిరి అను సంగతులు ఆ రెండు మాటల క్రింద పూడిపోయినవి.

ఇనాముదారు గతి యేమైనదో చెప్పవలసియున్నది. జమీందారీ భూమిలో ఒక గ్రామమును దేవునికో, బ్రాహ్మణునికో దానముగా ఇచ్చిరనుకొనుడు. తరతరముల తరువాత ఆ గ్రామమున ఖనిజము బయటపడినచో అది ఎవరిది? వంగదేశపు బొగ్గుసీమలో నిట్టి వివాదమే పుట్టి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోయినది. 1910లోను, మరల 1916లోను ప్రీవీ కౌన్సిలు చెప్పిన తీర్పుల సారము ఇది: దానపత్రమున ఖనిజములను స్పష్టముగా చెప్పనిచో అవి దానము పొందినవానికి చెందవు, జమీందారు వద్దనే నిలిచియుండును. ఇచ్చట న్యాయము యొక్క రెండు ముఖములను గమనింపుడు. 1802 కాగితము రాతిని గూర్చి మాటలాడకపోవుట జమీందారునకు లాభించినది. దానపత్రము రాతిని గూర్చి మాటలాడకపోవుట చిన్నవానికి నష్టము కలిగించినది. ఆ లాభమును ఈ నష్టమును రెండింటను పొందినవాడు జమీందారే. కాగితము వ్రాయించుకొనగల శక్తి యెవరిదో మౌనము కూడ వారి పక్షముననే తీర్పు చెప్పినది.

ఈ మౌనమును మొదట భగ్నము చేసినది 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము. దాని మూడవ విధిలో సర్కారునకు సంక్రమించువాని పట్టిక కలదు: సామాన్య భూములు, పోరంబోకులు, బంజరులు, పచ్చికబయళ్ళు, లంకలు, అడవులు, గనులు, ఖనిజములు, రాతిక్వారీలు, నదులు, చెరువులు, చేపలపట్టులు, రేవులు. 1802 రెగ్యులేషనును ప్రక్కన పెట్టుకొని ఈ పట్టికను చదివినచో, శాసనకర్తలు నూట నలుబది యేండ్ల పాఠము నేర్చుకొని ఒక్క రాతిని గూడ విడువరాదని పట్టుపట్టి వ్రాసినట్లు తోచును. అంతకు పూర్వము జమీందారులు ఇచ్చిన గని కౌళ్ళు కొన్ని షరతులకు లోబడి నిలిచినవి. కావున అప్పటి నుండి పాత కౌలు పత్రమునకు, దాని తేదీకి, దానిపై సంతకమునకు క్రొత్త విలువ వచ్చినది. తరువాత 1957 నాటి కేంద్ర చట్టముతో గనుల లైసెన్సులు, కౌళ్ళు దేశమంతట ఒక క్రమమునకు వచ్చినవి. ఆ మీదటి చరిత్రను వెదకుట అంత కష్టము కాదు.

జమీందారీ కాని భూముల మాట యేమనవచ్చును. అది చాలకాలము వరకు తేలలేదు. మద్రాసు రాష్ట్రములోనే భాగముగా నుండిన మలబారు భూములను గురించి 2013 జూలై 8న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో, చట్టము ప్రత్యేకముగా తీసివేసిననే తప్ప భూమి లోపలి ఖనిజము సాధారణముగా భూస్వామిదే యని, ఖనిజములన్నియు రాజ్యమువే యని చెప్పు చట్టమేదియు లేదని పేర్కొన్నది. త్రవ్వుటకు లైసెన్సు కావలెను, అది వేరు మాట. స్వామ్యము వేరు, సెలవు వేరు. పాఠశాలలలో "గనులన్నియు ప్రభుత్వమువి" యని చెప్పుట అలవాటు. పాత భూమి కాగితముల విలువ ఆ తీర్పుతో ఎట్లు పెరిగినదో న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు పరిశీలింపదగినది.

ఇంతవరకు చెప్పినది కాగితము గలవారి కథ. కోడూరు గోతులలో గంపలు మోసినవారి మాట యెచ్చట నున్నది? గనుల తనిఖీ అధికారుల వార్షిక నివేదికలలో రోజుకు సగటున ఎందరు పురుషులు, ఎందరు స్త్రీలు పనిచేసిరో అంకెలుండును. 1923 చట్టము వచ్చి పదుమూడేండ్ల లోపు పిల్లలను గనులలో పనికి పెట్టరాదని నిషేధించినది. అంతకు ముందు పిల్లలకును ఒక లెక్క యుండెడిది. అంకెయే గాని పేరు లేదు. కౌలుదారుని పేరు మూడు చోట్ల దొరకును. రాయి కొట్టిన చేతి పేరు ఒక చోటను దొరకదు.

కొండ మీది గిరిజనుల స్థితి మరింత క్లిష్టమైనది. వారి భూమి చాలకాలము సర్వే కాలేదు. పోడు చేయు నేలకు హద్దురాళ్ళు లేవు. ముఠాదారుల ద్వారా శిస్తు వసూలు జరుగుచుండెను. ఆ ముఠాలు 1969 రెగ్యులేషనుతోనే రద్దయినవి. ఇట్టివాడు కచేరీలో ఏ కాగితము చూపగలడు? 1917లోనే ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు పోకుండ ఒక చట్టము చేసిరి. 1959లో మరియొక రెగ్యులేషను వచ్చినది. దానిని 1970లో సవరించినపుడు చేర్చిన ఒక్క వాక్యము ఈ వ్యాసమంతటికి గుండెకాయ వంటిది. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న స్థిరాస్తి, అట్లు కాదని ఋజువు కానంతవరకు, గిరిజనుని నుండి వచ్చినదిగా భావింపబడవలెనని ఆ వాక్యము. కాగితము చూపవలసిన బరువు అవతలివాని నెత్తికి మారినది. శతాబ్దమున్నర కాలము కాగితము గలవానికి పలికిన మౌనము, మొట్టమొదటిసారి కాగితము లేనివాని పక్షమున పలుకవలసి వచ్చినది.

అది మాటవరుసకు వ్రాసిన వాక్యము కాదని అనంతగిరి నిరూపించినది. బొర్రా పరిసరముల పదునాలుగు గ్రామములలో సర్కారు గిరిజనేతరులకు గని కౌళ్ళు ఇచ్చెను. సమతయను సంస్థ న్యాయస్థానమునకు పోయెను. భూమి సర్కారుది, సర్కారు తన భూమిని తాను ఇచ్చుకొనుట రెగ్యులేషనుకు విరుద్ధము కాదని ప్రభుత్వ పక్షపు వాదము. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి యభిప్రాయముతో తీర్పు చెప్పినది. రెగ్యులేషనులో "వ్యక్తి" యను మాటలో సర్కారు కూడ చేరునని, కావున షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు గని కౌలు ఇచ్చుట చెల్లదని ఆ తీర్పు. మూడవ న్యాయమూర్తి భిన్నాభిప్రాయము వ్రాసెను. గిరిజనుల సహకార సంఘములు గాని, ప్రభుత్వ సంస్థలు గాని త్రవ్వవచ్చునని, లాభములో కనీసము నూటికి ఇరువది వంతులు ఆ ప్రజల అభివృద్ధికి వెచ్చింపవలెనని కూడ అందులో కలదు. ఈ తీర్పును పొగిడినవారును, అభివృద్ధి నాపినదని విమర్శించినవారును ఉన్నారు. చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనది ఆ వివాదము కాదు. పాత పత్రమొకటి బయటపడుట చేత గాక, ఒక మాటకు అర్థము నిర్ణయించుట చేత కొండ హక్కు తేలినది.

2006 నాటి అటవీ హక్కుల చట్టమునకు 2008లో చేసిన నిబంధనలు మరియొక అడుగు ముందుకు వేసినవి. గనుల హక్కు నిచ్చు చట్టము కాదది. సాగు, నివాసము, అడవి ఫలసాయములను గూర్చినది. కాని సాక్ష్యమన నేమి యను ప్రశ్నకు అది చెప్పిన సమాధానము దస్త్రముల గదిలో తిరిగినవారిని ఆశ్చర్యపరచును. ప్రభుత్వ కాగితములతోపాటు, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పి వ్రాయించిన వాఙ్మూలము సాక్ష్యము. చదును చేసిన నేల, కట్టిన గట్టు, బావి, పూర్వుల శ్మశానవాటిక, దేవతాస్థలము కూడ సాక్ష్యములే. విచారణ గ్రామసభలో మొదలు కావలెను. 1802లో సన్నదు వ్రాసినవారికి తోచని గళ్ళు ఇవి.

ఆ వాఙ్మూలములు నేడు కాగితముపైకెక్కి కచేరీ కట్టలలో చేరుచున్నవి. అనంతగిరి మండలము 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది కావున, వానిని వెదకువాడు అనకాపల్లి నుండి కొండదారి పట్టి పాడేరు కచేరీకి పోవలెను. 1997కు ముందరి గని కౌళ్ళ సంగతి కావలెనన్నచో మరల క్రిందికి దిగి విశాఖపట్నము రావలసియుండును.